వెబ్‌సైట్ చేయించుకునేవాళ్ళు మనలో ఏం చూస్తారు? (కె. కోటపాడు హాస్టల్ నుంచి)



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, వెబ్ డిజైన్ నేర్చుకుంటే పనులు దొరుకుతాయా? ఏ కోర్సు చేస్తే క్లయింట్లు వస్తారు?" కింద చాలామంది కోర్సుల పేర్లు రాశారు. మేము కూడా ఏదో రాద్దామని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాం. ఎందుకంటే మాకు పని ఇచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా మేము ఏ కోర్సు చేశామని అడగలేదు. వాళ్ళు అడిగినవి వేరు. అవి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మా తప్పులు కూడా ఇందులో ఉన్నాయి, దాచడం లేదు. టైపు చేసేది ఒకడే గానీ పని ముగ్గురిదీ కాబట్టి "మేము" అనే రాస్తున్నాం.

మేము ముగ్గురం, ఒకే గది. ఒకడిది అనంతగిరి మండలం, రైల్లో వచ్చి కొత్తవలసలో దిగి ఆటో ఎక్కుతాడు. ఒకడిది హుకుంపేట. ఇంకొకడిది దేవరాపల్లి మండలంలో కొండ కింద గూడెం. అందరూ మనవాళ్ళే ఉన్నా షెడ్యూల్డ్ ప్రాంతం లెక్కలోకి రాని ఊరు, ఆ కథ మీకు తెలిసిందే. మూడిళ్ళలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదట. 2023లో డిగ్రీలో చేరేనాటికి మాలో ఇద్దరికి మౌస్ పట్టుకోవడం కూడా రాదు. 2024 జనవరిలో ముగ్గురం కలిసి విశాఖ వెళ్ళి 11 వేలు పెట్టి పాత ల్యాప్‌టాప్ కొన్నాం. అందులో 5 వేలు హుకుంపేటవాడి అమ్మ కాఫీ పండు అమ్మిన డబ్బు. దానికి బ్యాటరీ పనిచేయదు, కరెంటు పోతే మా పనీ పోతుంది. రాత్రి భోజనాలయ్యాక యూట్యూబ్ చూసి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకున్నాం. ఆ తమ్ముడికి కోర్సు గురించి మా జవాబు ఇంతే: డబ్బు కట్టకుండా నేర్చుకోగలిగింది చాలా ఉంది, ముందు అది చెయ్యి.

పరీక్ష ఫీజుకి ఇంటికి ఫోన్ చెయ్యకుండా ఉండాలన్నదే మా లక్ష్యం. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

రెండు నెలలు నేర్చుకోగానే విజిటింగ్ కార్డులు కొట్టించాం, 200. పేరు చివర "సొల్యూషన్స్" అని, కింద "విశాఖపట్నం" అని. డోర్ నంబరు లేదు, ఉంటే కదా. మా సొంత పేజీ ఒకటి చేసి దానిమీద నెట్‌లో దొరికిన అద్దాల బిల్డింగు ఫోటో పెట్టాం. ఇది మా ఆఫీసు అని ఎక్కడా రాయలేదు గానీ, చూసినవాళ్ళు అలా అనుకోవాలనే పెట్టాం. హాస్టల్ మాట లేదు, కొండ మాట లేదు. హాస్టల్ కుర్రాళ్ళంటే పని ఎవడిస్తాడు, అందులోనూ ఆదివాసీ పిల్లలంటే? ఇదీ మా లెక్క.

ఆ కార్డులు పట్టుకుని కోటపాడులో, చోడవరం వైపు, దేవరాపల్లి వైపు ఒక నలభై కొట్లు తిరిగాం. "వాట్సాప్ ఉందిగా బాబూ" అన్నవాళ్ళే ఎక్కువ. నిజం చెప్పాలంటే వాళ్ళలో చాలామందికి అది చాలు కూడా.

మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించిన మొదటి మనిషి బోరుబండి ఆయన. బోర్లు వేసే లారీ ఉంది ఆయనకి. వయసు యాభై దాటి ఉంటుంది. మేము ల్యాప్‌టాప్ తెరిచి ఫోటోలు జరిగేదీ, రంగులు మారేదీ చూపించాం. టీ గ్లాసు ఖాళీ అయినంతసేపు చూసి పక్కన పెట్టేశాడు. తర్వాత అడిగాడు.

"ఇది సూసినోడు నాకు ఫోన్ సేస్తాడా, సూసి ఎలిపోతాడా?"

"నా నంబరు మారితే ఎవులు మారుస్తారు?"

"ఏడాది పోయాక మీరుంటారా?"

రంగు గురించి ఒక్క మాట లేదు. మేము రాత్రుళ్ళు కూర్చుని చేసిన నీటిబొట్టు జారే బొమ్మ గురించి కూడా లేదు.

ఆయనకి సైటు ఎందుకంటే, ఊళ్ళోవాళ్ళకి ఆయన ఎలాగూ తెలుసు. కానీ హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఇక్కడ రెండెకరాలు కొనుక్కుని మామిడి మొక్కలు వేసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఫోన్లో వెతుకుతారు. "ఆళ్ళు నన్నెప్పుడూ సూళ్ళేదు. ఏటి సూసి లక్ష రూపాయల పని నాకిత్తారు?" అన్నాడు. మేము ఆయనకి మమ్మల్ని నమ్మించాలని వెళ్ళాం. ఆయన ఇంకెవరినో నమ్మించాలని కూర్చున్నాడు. వెబ్‌సైట్ చేయించుకునే ప్రతి మనిషి వెనకా ఇలా కనపడని మనిషి ఒకడుంటాడని మాకు ఆ రోజు దాకా తెలియదు.

గూగుల్ మ్యాప్‌లో ఆయన పేరు, నంబరు, ఫోటో పెట్టుకోవచ్చని, దానికి డబ్బులు అక్కర్లేదని మేమే చెప్పాం. మంచితనంతో కాదు. తర్వాత ఎవరైనా చెబితే మమ్మల్ని దొంగల్లా చూస్తాడని భయంతో. అక్కడే కూర్చుని ఫోన్లో పెట్టేశాం. అప్పుడు మొదటిసారి ఆయన మా మొహాలు సరిగ్గా చూశాడు.

6 వేలు చెప్పాం. "అడుగెంత?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. నవ్వాడు. "మేం అడుగు లెక్కన తీసుకుంటాం. నీళ్ళు పడ్డా, పడకపోయినా అడుగు డబ్బులు ఇవ్వాల్సిందే. మరి మీ దాన్లో ఫోన్లు రాకపోతే?" మేము నీళ్ళు నమిలాం. ఆయనే చెప్పాడు: "నీళ్ళు మన సేతిలో లేవు బాబూ. సెప్పిన టైముకి బండి రావడం, కేసింగ్ సరిగ్గా దించడం మన సేతిలో ఉన్నాది. రైతు సూసేది అదే." అని 3 వేలు అడ్వాన్సు ఫోన్‌పే చేశాడు. ఆ సాయంత్రం హాస్టల్‌లో మేము భోజనం కూడా సరిగ్గా తినలేదు, ఆ మెసేజ్ చూసుకుంటూనే కూర్చున్నాం.

సైటు పేరు 2024 ఏప్రిల్‌లో కొన్నాం. ఎవరి మెయిల్‌తో కొన్నామన్నది తర్వాత చెప్తాం, అక్కడే మా పుట్టి మునిగింది.

మొదటిసారి చేసి పంపిస్తే, ఆయన దేవరాపల్లి అవతల కొండవార ఏదో పొలంలో నిలబడి తెరిచాడట. "బాబూ, తెల్లగా ఉన్నాది, ఏటీ రాలేదు" అని ఫోన్. మేము ఒక్కోటి 4 ఎంబీ ఉన్న ఫోటోలు ఐదు పెట్టాం. హాస్టల్ పక్కన 4జీలో టక్కున తెరుచుకుంటుంది, కొండ దగ్గర ఎక్కడ తెరుచుకుంటుంది? బోరు కావాల్సినవాడు పొలంలోనే ఉంటాడు కదా. మొత్తం పేజీ 300 కేబీ లోపుకి దించాం. జరిగే ఫోటోలు తీసేశాం. నంబరు పైకి తెచ్చి, దానిమీద వేలు పెడితే ఫోన్ వెళ్ళేలా చేశాం. తెలుగు అక్షరాలు పెద్దవి చేశాం.

ఇంకో తప్పు ఆయనే పట్టాడు. బోరు లారీ ఫోటో ఒకటి నెట్‌లోంచి తీసి పెట్టాం, చాలా బాగుంటుంది. చూడగానే "ఇది తిరుచెంగోడు బండి" అన్నాడు. తమిళనాడులో ఆ ఊరు బోరు లారీలకి పేరట, మాకు తర్వాత తెలిసింది. నంబరు ప్లేటు చూసి చెప్పేశాడు. "నా పొలం కాడికి ఈ బండి వత్తాదనుకుని రైతు సూత్తాడు, నా పాత బండి వత్తాది. మొదటి రోజే అబద్ధమైపోద్ది." మర్నాడు ఆయన బండి దగ్గరికి వెళ్ళి, బురద అంటిన టైర్లతో సహా ఫోటో తీసుకొచ్చాం. రేటు మాత్రం పెట్టనివ్వలేదు, పోటీవాళ్ళు చూస్తారని. అడ్రసులో జిల్లా పేరు అనకాపల్లి అని రాస్తే మాత్రం కాసేపు ఊగిసలాడాడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినా ఆయన కరపత్రాల మీద ఇంకా విశాఖ జిల్లా అనే ఉంది. "వైజాగ్ అంటే నమ్ముతార్రా" అన్నాడు. మేము మా కార్డు గుర్తొచ్చి తల దించుకున్నాం.

రెండో పని టెంట్ హౌస్. అక్కడ లెక్కలు చూసేది వాళ్ళావిడ. మేము అక్కా అంటాం. ఆమె అడిగింది ఒకటే: "కుర్చీ రేటు మారితే ప్రతిసారీ మిమ్మల్ని బతిమాలుకోవాలా?" డిజైన్ ఎంత బాగున్నా, ఒక అంకె మార్చడానికి వారం తిరగాల్సి వస్తే ఆ సైటు వాళ్ళకి బరువే. ఆమె గూగుల్ షీట్‌లో రేటు మార్చుకుంటే పేజీలో మారేలా కట్టాం. అది కట్టడానికి మాకు తొమ్మిది రాత్రులు పట్టింది. ఆమె చూసి "ఇదే కావాలి" అంది. మిగతా పేజీ చూసిందో లేదో కూడా మాకు అనుమానమే.

ఆ పనిలోనే ఇంకో సంగతి నేర్చుకున్నాం, తెలుగులో సైట్లు చేసేవాళ్ళందరూ ఎప్పుడో ఒకసారి దీనికి తగులుకుంటారు. అక్క తన కరపత్రం మేటర్ డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చింది. పేజీలో వేస్తే ఒక్క అక్షరం తెలుగు లేదు, అంతా పిచ్చి గుర్తులు. మా ల్యాప్‌టాప్ పాడైందనుకున్నాం. తర్వాత తెలిసింది. డీటీపీ సెంటర్లలో ఏళ్ళుగా వాడే అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన చోట్ల తెలుగు ముక్కలని కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. బయటికొస్తే తెలుగు కాదు, గూగుల్ కూడా చదవలేదు. యూనికోడ్‌లో తెలుగుకి విడిగా 128 స్థానాలున్నాయి, అక్కడ రాసింది ఏ ఫోన్లోనైనా తెలుగే. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ మాకు వత్తులు తారుమారయ్యాయి. రెండు రాత్రులు కూర్చుని మొత్తం ఫోన్ కీబోర్డుతో మళ్ళీ కొట్టాం. ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, హెడ్డింగులకి రామభద్ర. మీకు మేటర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటే ముందే ఒక పేరా తెప్పించుకుని చూసుకోండి, ఆ తర్వాతే రేటు చెప్పండి. అక్క మాకు 4 వేలు ఇవ్వాలి. 3,500 ఇచ్చింది, మిగతా దానికి మా హాస్టల్ ఫ్రెషర్స్ డేకి షామియానా వేయించింది. లెక్క సరిపోయిందనే అనుకుంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతి.

2025 ఏప్రిల్. ఎండలు. బోర్లకి అదే సీజను, ఆయన బండి రాత్రీపగలూ తిరిగే నెల. అదే నెలలో మనకి ఇటుకల పండగ. అనంతగిరివాడు ఊరికి వెళ్ళిపోయాడు, పండగకి వెళ్ళొద్దని ఎవరంటారు? వాళ్ళ ఊళ్ళో ఫోన్ మోగాలంటే ఊరు దాటి మిట్ట ఎక్కాలి. బోరుబండి ఆయన సైటు పేరు కొన్నది వాడి మెయిల్‌తో. కోడ్ వచ్చేది వాడి నంబరుకి. మా విజిటింగ్ కార్డు మీద ఉన్న నంబరూ వాడిదే. ఏడాది గడువు అయిపోతోందని వాడి మెయిల్‌కి నెల్లాళ్ళుగా హెచ్చరికలు వస్తున్నాయి, ప్రకటనల మెయిళ్ళ మధ్యలో పడి ఉన్నాయి, ఎవరూ చూడలేదు.

సైటు పోయింది. తెరిస్తే ఏవో ప్రకటనలు.

ఆయన మా నంబరుకి మూడు రోజులు ఫోన్ చేశాడు. అందుబాటులో లేరు. కార్డు తీసి చూశాడు, విశాఖపట్నం అని ఉంది, ఎక్కడని వెళ్తాడు? విశాఖలో తెలిసినవాళ్ళని కూడా అడిగించాడట, ఈ పేరుతో ఆఫీసు ఎక్కడుందో కనుక్కోమని. లేని ఆఫీసు ఎవరికి దొరుకుతుంది? చివరికి కోటపాడులోనే టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారు, ఆ కుర్రాళ్ళు హాస్టల్లో ఉంటారు కదా అని. మూడో రోజు రాత్రి ఎనిమిదికి బండేసుకుని గేటు దగ్గరికొచ్చాడు. మేమిద్దరం లుంగీల్లో కంచాలు కడుగుతున్నాం.

ఆయన హాస్టల్ బోర్డు చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఏటి బాబూ, వైజాగ్ ఇక్కడికొచ్చీసిందేటి?" అన్నాడు.

మాకు నోట మాట లేదు. తిడతాడని, డబ్బులు వెనక్కి అడుగుతాడని, వార్డెన్ సార్‌కి చెప్తాడని అనుకున్నాం. ఆయన గేటు పట్టుకుని నిలబడి అన్న మాట ఇది: "మీరు హాస్టలోళ్ళని ముందే సెప్పుంటే ఈ మూడ్రోజులు తిరిగేవోణ్ణి కాదు గదా. మొదటి రోజే గేటు కాడికొచ్చి పిలిసేవోణ్ణి. మీరెవులైతే నాకేటి? దొరకాలి గదా."

మేము దాచింది దేన్నో చూడండి. ఆయనకి కావాల్సింది సరిగ్గా అదే. కోటపాడులో గేటున్న చోటు, పిలిస్తే పలికే చోటు, మరో ఏడాదిన్నర ఎక్కడికీ పోని చోటు. దాన్ని దాచి, లేని విశాఖ ఆఫీసు చూపించాం.

మర్నాడు తెల్లవారుజామునే మాలో ఒకడు కొత్తవలస వెళ్ళి కిరండూల్ పాసింజర్ ఎక్కాడు. దిగాక నడక. పండగలో ఉన్నవాణ్ణి లాక్కుని మిట్ట ఎక్కించి, కోడ్ తీసుకుని, డబ్బు కట్టేసరికి సాయంత్రమైంది. గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకే తిరిగి ఇస్తారు కాబట్టి బతికిపోయాం. అవి కూడా దాటితే జరిమానా చాలా ఎక్కువ పడుతుంది, ఆ తర్వాత ఆ పేరు ఎవరైనా కొనుక్కుపోవచ్చు. నాలుగో రోజుకి సైటు తిరిగొచ్చింది. సీజన్లో ఆ నాలుగు రోజుల్లో ఆయనకి ఎన్ని ఫోన్లు పోయాయో ఆయన చెప్పలేదు, అడగడానికి మాకు మొహం లేదు.

మమ్మల్ని కూర్చోబెట్టి ఒక కాగితం రాయించాడు. పేరు ఎక్కడ కొన్నాం, గడువు ఏ తేదీ, ఏ మెయిల్, పాస్‌వర్డ్, ఎవరెవరి నంబర్లు. సైటు పేరు వాళ్ళమ్మాయి మెయిల్ మీదికి మార్పించాడు. "బండి ఆర్‌సీ నా పేరు మీద ఉంటాది గానీ డ్రైవరు పేరు మీద ఉంటాదేటి?" అన్నాడు. కరెక్టే కదా. ఇప్పుడు ఎవరికి చేసినా పేరు వాళ్ళ మెయిల్‌తో, వాళ్ళ నంబరుతో, వాళ్ళ డబ్బుతోనే కొనిపిస్తున్నాం. ఉచితంగా వస్తుందని వేరేవాళ్ళ పేరు కింద పేజీ పెట్టుకున్నా ఇదే ప్రమాదం. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లని 2024 మార్చిలో ఆపేసింది. మ్యాప్‌లో వివరాలు ఉన్నాయి గానీ ఆ సైట్లు లేవు. అందుకే మమ్మల్ని చాలామంది ఇప్పుడు మొదటే అడుగుతారు: "ఇది నాదేనా, మీదా?"

పాత కార్డులు 130 మిగిలాయి. వాటి వెనక లెక్కలు వేసుకుంటున్నాం. కొత్త కార్డు మీద ఏం రాయాలని రెండు రాత్రులు కొట్టుకున్నాం. హాస్టల్ అని రాయడానికి ముగ్గురం ఒప్పుకున్నాం. ఆదివాసీ విద్యార్థులం అని రాయాలా వద్దా అన్న దగ్గర ఆగింది. దేవరాపల్లివాడు వద్దన్నాడు. వాడు చిన్నప్పటి నుంచి కింద ఊళ్ళో చదువుకున్నవాడు, వాడికి తెలిసినవి మాకు తెలియవు. చివరికి రాశాం, మూడు ఫోన్ నంబర్లతో.

అందరూ బోరుబండి ఆయనలా ఉంటారనుకోకండి. ఆ కార్డుతో వెళ్ళిన రెండో చోటే, పక్క ఊళ్ళో ఒక షాపులో, 8 వేల పని దాదాపు ఖాయమైంది. ఫోటోలు కూడా తీశాం. కార్డు ఇచ్చాం. ఆయన కార్డు చదివి, మా మొహాలు చూసి, "మీరెవులు?" అన్నాడు. కార్డు మీద ఉన్నదే మళ్ళీ చెప్పాం. "ఆలోచించి ఫోన్ చేస్తాను" అన్నాడు. రాలేదు. తర్వాత మేము చెప్పిన పేజీలు, మేము చెప్పిన వరసలోనే వేరేవాళ్ళతో చేయించుకున్నాడు, మేము తీసిన ఫోటోలతో. దేవరాపల్లివాడు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. నిజం చెబితే పని వస్తుందని మేము ఈ పోస్టులో చెప్పడం లేదు. మేము మాత్రం కార్డు మార్చలేదు. అడ్వాన్సు రాకుండా ఫోటోలు ఇవ్వడం మానేశాం.

ఆ కార్డే ఎలాగో కాశీపట్నం సంత దాకా వెళ్ళింది. పోయిన వానాకాలంలో అనంతగిరి మండలం నుంచి ఒక మహిళా సంఘం వాళ్ళు కబురు పెట్టారు. 12 మంది. కొండ చీపుర్లు, పసుపు, తేనె, కొంచెం కాఫీ. ముగ్గురం వెళ్ళాం.

వెళ్ళేముందు మన సరుకు ఇప్పటికే అమ్ముతున్నవాళ్ళు ఎలా చూపిస్తున్నారో చూశాం. గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ 1956 నుంచి ఉంది, సంతల్లో తూకంలో మన పెద్దవాళ్ళని ముంచకుండా ఉండటానికి పెట్టింది. ఇప్పుడు తేనె, కాఫీ ఆన్‌లైన్లో కూడా అమ్ముతోంది. నాంది ఫౌండేషన్ వాళ్ళు మన రైతుల కాఫీతో అరకు పేరు మీద 2017లో పారిస్‌లో షాపు పెట్టారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేజీలు చూస్తే ముచ్చటేస్తుంది. అవి చూసే మేము నమూనా చేసుకెళ్ళాం. పైన పెద్దగా ధింసా ఆడుతున్న ఫోటో, నెట్‌లోదే. తిరుచెంగోడు బండి నుంచి మేము ఏమీ నేర్చుకోలేదన్నమాట.

సంఘంలో పెద్దామె ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. "ఈళ్ళెవులు నాయినా? మన ఊరోళ్ళు కాదు." ఆనక అంది: "మేం సీపుర్లు అమ్ముతాం గానీ డేన్సు అమ్ముతామేటి?" అందరూ పకపకా నవ్వారు. ఆ ఫోటో తీసేసి, చీపురు కట్టేటప్పుడు చేతులు కనపడేలా ఫోటో తీసుకున్నాం. మొహాలు ఎవరికి ఇష్టమైతే వాళ్ళవే.

డబ్బులు వద్దన్నాం, మన ఊరివాళ్ళే కదా అని. పెద్దామె ఒప్పుకోలేదు. "ఊరికే సేసిత్తే రేపు పాడైతే మిమ్మల్ని అడగలేం. డబ్బులు తీసుకోండి, అడుగుతాం." సంఘం పుస్తకంలో రాసి 2 వేలు ఇచ్చారు. సైటు పేరు ఖర్చు వాళ్ళదే.

అక్కడ అసలు చిక్కు సిగ్నల్. పనస చెట్టు కింద ఒక్క చోట వస్తుంది. ఫోన్ చేసే బటన్ పెడితే పది ఫోన్లలో ఒకటి కలుస్తుంది, కొనేవాడికి విసుగు. అందుకే నంబరు తీసేసి వాట్సాప్ బటన్ ఒక్కటే పెట్టాం. మెసేజ్ అయితే ఆగి ఉంటుంది, సాయంత్రం ఎవరో ఒకరు చెట్టు కిందికి వెళ్ళినప్పుడు వచ్చి పడుతుంది. పేజీ పైనే "మా ఊళ్ళో సిగ్నల్ తక్కువ, జవాబు ఇవ్వడానికి ఒక రోజు పట్టవచ్చు" అని రాయమన్నారు. కొనేవాళ్ళు పారిపోతారని మేము వాదించాం. రాయమనే అన్నారు, రాశాం. ఇప్పటిదాకా వచ్చిన ఆర్డర్లు చాలా ఏమీ కావు, కానీ ఒక్కరు కూడా ఆలస్యం గురించి గొడవ పెట్టుకోలేదు. తినే వస్తువులకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి, 14 అంకెలది. అది వచ్చేదాకా తేనె, పసుపు, కాఫీ పేజీలో పెట్టలేదు. రెండు నెలలు మా సైట్లో చీపుర్లు మాత్రమే ఉన్నాయి. హాస్టల్లో మమ్మల్ని చీపుర్ల కంపెనీ అని పిలిచేవాళ్ళు, ఇప్పటికీ పిలుస్తున్నారు.

వాళ్ళు అడిగిన ఆఖరి ప్రశ్నకే మా దగ్గర సగం జవాబు ఉంది. డిగ్రీ అయిపోతే మేము హాస్టల్లో ఉండం. అప్పుడు దీన్ని ఎవరు చూస్తారు? ఆ ఊళ్ళో ఇంటర్ రెండో సంవత్సరం చదివే చెల్లెలు ఒకామె ఉంది. సెలవులకి వచ్చినప్పుడల్లా నేర్పిస్తున్నాం. ఫోటో చిన్నది చేయడం, రేటు మార్చడం వచ్చేశాయి. గడువు కట్టడం ఈసారి ఆమె చేతే చేయిస్తాం. మేము రాసిచ్చిన కాగితం, పేరు, తేదీ, పాస్‌వర్డ్ ఉన్నది, పెద్దామె మా ముందే నాలుగు మడతలు పెట్టింది. ఇనప్పెట్టె తెరిచి, పోడు భూమి పట్టా పెట్టిన ప్లాస్టిక్ కవరులోనే దాన్ని కూడా పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.